మూడో ఇంటి దూలం

బాడుగ ఇళ్ళున్నవాళ్ళు కాలు మీద కాలేసుకుని బతుకుతారనుకునేవాళ్ళు ఒక్కసారి కర్ణాటకలోని మా చింతామణికి వచ్చి మా ఇంట్లో వారం పది రోజులుండి చూడాలి. వీధికి అటువైపున్న మూడంతస్తుల మేడ నాదే. దాని పై అంతస్తులో స్నానాలగది కారి, కింది ఇంటి పడకగదిలో మచ్చ పడుతోంది. కింది ఇంట్లో ఉన్న బ్యాంకు ఆయన రోజూ పొద్దున్నే ఆ మచ్చను ఫోటో తీసి, శుభోదయం చెప్పినంత శ్రద్ధగా నా ఫోనుకు పంపిస్తాడు. మొదట అరచేయంత ఉండేది, ఇప్పుడు విస్తరాకంత అయింది. కొళాయిల పనివాడు టైల్సు వేసినవాడిని, టైల్సు వేసినవాడు మేస్త్రీని, మేస్త్రీ ఇంజనీరును తిట్టి వెళ్ళిపోయారు. చివరికి ఒకడు వచ్చి గోడా నేలా మొత్తం పగలగొట్టి కొత్తగా వేయాలన్నాడు. సరే, సోమవారం మొదలుపెట్టమన్నాను. ఆ సాయంత్రమే పై ఇంటి అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఒరిస్సా పిల్ల. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంట్లోనే కంప్యూటర్ల ముందు కూర్చుని ఉద్యోగం చేస్తారు. వచ్చీరాని కన్నడంలో దుమ్ము ఎక్కువ లేస్తుందా అని అడిగి, కాసేపు గడప మీద బొటనవేలితో రాసి, తనకు నెల తప్పిందని చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఉంటున్న ఇల్లు పగలగొట్టకూడదని వాళ్ళమ్మ ఫోనులో ఒకటే గోలట. తనకు అలాంటి నమ్మకాలేమీ లేవంది. ఆ మాట అంటున్నంతసేపూ చేయి పొట్ట మీదే ఉంది. నాకూ అలాంటి నమ్మకాలు లేవు. ఉన్నట్టుండి పకపకా నవ్వేశాను. ముసలిదానికి మతి చలించిందనుకుని ఉంటుంది పాపం. నాకు మా అవ్వ గుర్తొచ్చింది, అంతే.

ఇప్పుడు మేడ ఉన్న జాగాలో అప్పట్లో మట్టి మిద్దెల వఠారం ఉండేది. ఒకదానికొకటి ఆనుకుని నాలుగిళ్ళు, వాటి ముందు పొడుగాటి వసారా, వెనక అందరికీ కలిపి ఒక బావి. మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి వెంకటలక్షమ్మ, తాత పోయిన కొత్తలో తన వడ్డాణం అమ్మి దాన్ని కొన్నది. ఆడది బంగారం అమ్ముకుని పాత గోడలు కొనడమేమిటని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారట. ఆవిడ మాత్రం, వడ్డాణం పెట్టెలో ఒంటరిగా ఉంటుంది, వఠారమైతే నిండా మనుషులుంటారు అనేది. అవ్వకు మా నాయన ఒక్కడే కొడుకు. ఆడపిల్ల కావాలని ఎంతో ఆశపడిందట, పుట్టలేదు. ఆ కొరత ఎప్పుడూ పైకి చెప్పుకునేది కాదు గానీ, వీధిలో ఎవరి కూతురు పుట్టింటికి వచ్చినా వాళ్ళింటికి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేది.

రోజూ దీపాలు పెట్టే ముందు అవ్వ వఠారం చుట్టి రావడం ఒక నియమం. నేనప్పుడు హైస్కూలులో చదువుతున్నాను. మహారాణి వెనక చెలికత్తెలా ఆవిడ వెనక నడిచేదాన్ని. ముక్కులో నశ్యం ఎక్కించి, చేతికర్రతో గోడను ఒకచోట తట్టి, తల వంచి వినేది. ఇంకోచోట తట్టేది. మొదటింట్లో కన్నడ బడి మేష్ట్రు, రెండో ఇంట్లో దర్జీ నారాయణప్ప, మూడో ఇంట్లో బస్సు కండక్టరు కిట్టప్ప, నాలుగో ఇంట్లో ఇడ్లీలమ్మే రంగమ్మ. ప్రతి గడప దగ్గరా ఏదో ఒక ఫిర్యాదు, ఫిర్యాదుతో పాటు ఏదో ఒకటి తినడానికి. ఒకరు తలుపు బిగుసుకుందని చెప్పి గుగ్గిళ్ళు పెట్టేవాళ్ళు, ఇంకొకరు పొయ్యి గది పొగ పోవడం లేదని చెప్పి బెల్లం పాకం వేసిన అటుకులు పెట్టేవాళ్ళు. అవ్వ అన్నీ విని, అన్నీ తిని, చేయిద్దాంలే అమ్మా అనేది. ఆ వసారాలో కొత్తబట్టల గంజి వాసన, ఇడ్లీ పిండి పులిసిన వాసన, అవ్వ నశ్యం వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ నాకు సొంత ఆస్తి అంటే ఆ వాసనే.

మట్టి మిద్దెకు ఏటా వానలకు ముందు పైన చవుడు మట్టి పరిచి తొక్కాలి. ఆ మట్టి నీటిని కిందికి దిగనివ్వదు. అవ్వ ఏ ఏడూ తప్పకుండా పరిపించేది, మిద్దెలు ఏ ఏడూ తప్పకుండా కారేవి. వాన మొదలైందంటే నాలుగిళ్ళ నుంచీ పిల్లలు మా ఇంటికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు, గిన్నెల కోసం. కారే ఇంటికి గిన్నెలివ్వడం ఇల్లుగలవాళ్ళ బాధ్యత అని మా వీధిలో ఎవరు కనిపెట్టారో గానీ, వానాకాలమంతా మా గంగాళాలు, తప్పేళాలు, చివరికి నాయన స్నానం చేసే బకెట్టు కూడా వఠారంలోనే కాపురముండేవి. మా అమ్మ ఉలవచారు కాచుకోవడానికి పాత్ర లేక, మేష్ట్రు ఇంటికి వెళ్ళి మా గిన్నె మేమే అప్పడిగి తెచ్చుకునేది. నాయనకు బజారులో బెల్లం, చింతపండు అంగడి ఉండేది. సాయంత్రం అలసిపోయి వచ్చిన మనిషికి చెంబు కూడా కనబడకపోతే ఒళ్ళు మండిపోయేది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి మూడో ఇంటి దూలం. దానికి చెదలు పట్టి నడుమ వంగిపోయింది. విరగకుండా దాని కింద ఒక ఊతకర్ర నిలబెట్టారు. ఇంటికి సరిగ్గా మధ్యలో స్తంభంలా నిలుచున్న ఆ కర్రను కిట్టప్ప, అతని పెళ్ళాం సరోజ ఇంట్లో మనిషిలాగే చూసుకునేవాళ్ళు. కండక్టరు సంచీ దానికే తగిలించేవాడు. సరోజ శుక్రవారాలు దానికీ పసుపు కుంకుమ పెట్టేది. రాత్రి బస్సు చాకవేలు నుంచి ఆలస్యంగా వచ్చినరోజు కిట్టప్ప దానికి గుద్దుకుని, మనిషిని తిట్టినట్టే దాన్ని తిట్టేవాడు. వాళ్ళు నవ్వుతూ చెబుతుంటే మేమూ నవ్వేవాళ్ళం గానీ, అవ్వ మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడు కూర్చున్నా కళ్ళు పైకే ఉండేవి. దూలం మార్చి, ఆ మట్టంతా దింపేసి, వఠారం మొత్తానికి మంగళూరు పెంకులు వేయించాలని ఆవిడ కోరిక. పెంకులు కూడా కొని మా పెరట్లో పేర్చి పెట్టింది.

మరి ఎందుకు వేయించలేదంటే, వఠారంలో ఎప్పుడూ ఎవరో ఒకరు కడుపుతో ఉండేవాళ్ళు. ఇంట్లో ఆడమనిషి నీళ్ళోసుకుంటే గోడ పగలగొట్టరు, కప్పు విప్పరు, గునపం దించరు. మా వైపు అది రాజాజ్ఞ కంటే గట్టిది. నాలుగిళ్ళకూ గోడలు కలిసున్నాయి కాబట్టి ఒకరు కడుపుతో ఉంటే నలుగురి కప్పులూ కదలకూడదు. గూళూరు నుంచి వచ్చే మునియప్ప మేస్త్రీకి ఈ విషయంలో అవ్వ కంటే పట్టుదల ఎక్కువ. గునపానికి కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, ప్రతి గడప దగ్గరా నిలబడి ఎవరన్నా నెల తప్పినారా అమ్మా అని అడిగేవాడు. ఒక ఏడు దర్జీ భార్య తలుపు చాటున సిగ్గుపడింది. మేస్త్రీ గునపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె కాన్పు అయ్యే వేళకు మేష్ట్రు భార్యకు నాలుగో నెల. ఆమె బాలింత స్నానం చేసిందని మేస్త్రీకి కబురు పంపేసరికి మళ్ళీ దర్జీ భార్య. మేస్త్రీ దారిలో కనబడితే నాయన, ఏమప్పా, మా వఠారంలో ఈ నెల ఎవరి వంతు అని అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, అవ్వ తప్ప.

నాయన ఓపిక ఒక ఏడు వానల్లో నశించిపోయింది. ఆ ఏడు మూడో ఇంట్లో ఊతకర్ర కింద నేల మెత్తబడి కర్ర కొంచెం దిగింది. దూలం మీది మట్టి పెళ్ళ ఒకటి సరోజ పక్కనే పడింది. మనుషుల మీద పడితే ఎవరు జవాబుదారీ అని నాయన మొదటిసారి నిజంగా భయపడి అన్నాడు. వఠారం పక్కనే చెనక్కాయల మండీ పెట్టుకున్న వ్యాపారికి గోదాముకు జాగా కావాలి. వఠారం ఇస్తే పడగొట్టి కట్టుకుంటానని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. వచ్చే వానలకు ముందు కప్పు మారాలి, మారకపోతే అమ్మేయాలి, అంతే, అని నాయన తేల్చి చెప్పాడు. అవ్వ వాదించలేదు. ఆయన భయం ఉత్తిది కాదని ఆవిడకూ తెలుసు. కానీ ఆ రోజు నుంచి సాయంత్రం వఠారానికి వెళితే తొందరగా తిరిగొచ్చేది కాదు. ఒక్కొక్క ఇంట్లో అవసరం లేకపోయినా కూర్చునేది.

ఇక ఆ చలికాలమంతా అవ్వ చేసిన రాయబారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపుబ్బ నవ్వొస్తుంది. ఎండాకాలం దాకా ఎవరూ నెల తప్పకూడదని మొగుడూ పెళ్ళాలకు ఎలా చెబుతుంది? దర్జీ తల్లి చెవిన వేసింది. మేష్ట్రు భార్యతో, ఈ నాలుగు నెలలూ మీ అత్తగారింటికి వెళ్ళి రాకూడదా అంది. అంత చదువుకున్న మేష్ట్రు ఆ తరవాత అవ్వ ఎదురైతే సందు మార్చి వెళ్ళేవాడు. సరోజకు మాత్రం ఏమీ చెప్పలేదు. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. ఒకసారి కడుపు నిలిచినా దక్కలేదు, తరవాత మళ్ళీ రాలేదు. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని పట్టించుకోలేదు. అలాంటి పిల్లతో ఈ మాట ఎత్తడానికి అవ్వకు నోరు రాలేదు.

ఎండలు ముదిరేసరికి వఠారంలో ఎవరికీ ఏమీ లేదని తేలింది. మునియప్ప మేస్త్రీ మనుషులతో, నిచ్చెనలతో దిగాడు. గునపానికి పూజ అయింది. గడప గడపా అడిగాడు. మూడో గడప దగ్గర సరోజ లేదని తల ఊపింది. మేస్త్రీ నిచ్చెన ఎక్కుతుంటే ఆమె లోపలికి వెళ్ళి, ఊతకర్రను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. అవ్వ వెనకే వెళ్ళింది. అవ్వ వెనక నేను.

"ఏమాయెనమ్మా?" అంది అవ్వ.

"ఐదో నెల పడిందమ్మా," అంది సరోజ. "చెప్తే మీ పని నిలిచిపోతాది, మీ వఠారం పోతాది. అందుకని గట్టిగా చెంగు కప్పుకోని తిరిగినాను. ఇప్పుడు పైన గునపం చప్పుడు వింటే నాకి భయమైతాండాది."

అవ్వ బయటికొచ్చి, దిగప్పా మునియప్పా, అంది. ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది. మేస్త్రీ దిగి, నిమ్మకాయ చెక్కలు ఏరుకుని, తన అదృష్టాన్ని తిట్టుకుంటూ వసారాలో కూలబడ్డాడు. కబురు విని అంగడి నుంచి వచ్చిన నాయన గెలిచినవాడిలా కనబడలేదు. తల పట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. ఆ పిల్లకు ఇన్నేళ్ళకు నిలిచిన కడుపు, కప్పు విప్పలేం, విప్పకుంటే ఈ వానకు ఆ దూలం నిలవదు, మండీ ఆయనకు మాట ఇచ్చేస్తాను, వీళ్ళకు వేరే ఇళ్ళు చూస్తాను అన్నాడు. మరి కడుపుతో ఉన్న పిల్ల ఇల్లు మారవచ్చా అని అమ్మ అడిగింది. అదీ కూడదు. కడుపుతో ఉన్న పిల్ల వెళ్ళగలిగింది ఒక్క పుట్టింటికే, ఆ పిల్లకు పుట్టిల్లే లేదు, అంటూ మేస్త్రీ దూరం నుంచే తీర్పు చెప్పాడు.

అవ్వ నశ్యం డబ్బీ మూత తీసి, పీల్చకుండానే మూసింది. లేచి లోపలికి వెళ్ళింది. కొత్త చేటలో బియ్యం, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి, తమలపాకులు, ఒక రవిక గుడ్డ పెట్టుకుని బయటికొచ్చింది. ఆవిడ ఏం చేయబోతోందో మా అమ్మకు ముందు అర్థమైంది. నాయనకు ఇంకా కాలేదు.

"సరోజను పుట్టింటికి పిలుచుకొస్తాండాను," అంది అవ్వ. "ఐదో నెల, బేసి నెలే. నాకొక కూతురుంటే పిలుచుకొచ్చేదాన్ని కాదా? మనింట్లో జాగా లేదా?"

నాయన నోరు వెళ్ళబెట్టాడు. తరవాత ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది. "జాగా ఉండాదిలేమ్మా," అని నెమ్మదిగా అన్నాడు.

అవ్వ వీధి దాటి, మూడో ఇంటి గడప ముందు నిలబడి, పిలుచుకుపోవడానికి వచ్చినాను రా తల్లీ అంది. సరోజ వచ్చి చెంగు చాచింది. అవ్వ ఒడి నింపింది. ఆ పిల్ల ఏడ్చింది, అవ్వ ఏడ్చింది, రంగమ్మ ఏడుస్తూనే మేస్త్రీకి ఇడ్లీలు పెట్టింది. నేనూ ఏడ్చాను, సంతోషంతో ఏడవడం నాకు అదే మొదలు. వఠారమంతా వెంట రాగా సరోజ మా ఇంట్లో కుడికాలు పెట్టింది. మేస్త్రీకి ఇంకొక సందేహం మిగిలింది. మొగుడు ఆ ఇంట్లోనే ఉంటే అది ఆమె ఇల్లే కదా? అయితే అల్లుణ్ణీ పిలుస్తాం అంది అవ్వ. అసలు తమాషా అక్కడ మొదలైంది. ఆ కిట్టప్పను నాయన ఎన్నోసార్లు వసారాలో బీడీలు తాగుతున్నాడని కసిరి ఉన్నాడు. ఇప్పుడు అల్లుడి హోదాలో వచ్చినవాడికి పంచెల చాపు పెట్టాలి, మర్యాద చేయాలి. మా ఇంట్లో పేము కుర్చీ ఒకటుండేది, అందులో నాయన తప్ప ఇంకెవరూ కూర్చునే ధైర్యం చేసేవాళ్ళు కాదు. కండక్టరు బట్టలతో, భుజాన సంచీతో బెదురుతూ వచ్చిన కిట్టప్పను నాయన ఒక నిమిషం చూసి, ఆ కుర్చీ జరిపి, "కూచో బావా," అన్నాడు. కిట్టప్ప కుర్చీ అంచు మీద, బస్సులో సీటు దొరకని మనిషిలా కూర్చున్నాడు.

మరునాడు కప్పు విప్పారు. ఏళ్ళనాటి మట్టి గంపలు గంపలుగా కిందికి దిగింది. మూడో ఇంటి దూలాన్ని దింపబోతే అది పట్టుకున్నవాళ్ళ చేతుల్లోనే విరిగిపోయింది. లోపలంతా డొల్ల. చెదపొడి తవుడులా రాలింది. ఇన్నేళ్ళూ కప్పును మోసింది దూలం కాదు, ఆ ఊతకర్ర ఒక్కటే. నాయన ఆ ముక్కను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నాలుగిళ్ళ కప్పులూ విప్పారు కాబట్టి నాలుగిళ్ళ వంటలూ మా పెరట్లోకి వచ్చాయి. ఆ రోజులంత సంబరం నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. ఒక పొయ్యి మీద సంగటి, ఇంకొకదాని మీద మేష్ట్రు భార్య బిసిబేళె బాత్, మధ్యలో మంచం మీద సరోజ ఏది అడిగితే అది. దర్జీ చెట్టు కింద మిషను పెట్టుకుని పుట్టబోయే బిడ్డకు అంగీలు కుట్టేవాడు. అవ్వ అందరినీ గదమాయిస్తూ తిరిగేది, పాతికేళ్ళు తగ్గినట్టు.

కొత్త దూలం ఎక్కింది, చెక్క పట్టీలు కొట్టారు, ఇంక పెంకులు పరచాలనేసరికి పడమర నల్లబడింది. మేస్త్రీ మనుషులు నలుగురే. నాయన అంగడి తలుపు వేసి వచ్చాడు. పంచె ఎగగట్టి పెరట్లో పెంకుల దగ్గర నిలబడ్డాడు. అక్కడి నుంచి వీధి దాటి నిచ్చెన దాకా మేమందరం వరసగా నిలబడ్డాం. నాయన నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు, నా నుంచి మేష్ట్రుకు, అట్లా చేతి నుంచి చేతికి పెంకు నడిచింది. బస్సు దిగివచ్చిన కిట్టప్ప సంచీ తీయకుండానే నిచ్చెన ఎక్కాడు. చివరి వరస పరుస్తుండగా చినుకులు మొదలయ్యాయి. అవ్వ గబగబా మూడో ఇంట్లోకి వెళ్ళి, మధ్యలో, ఊతకర్ర ఉండిన చోటే కూర్చుంది. పెంకుల మీద వాన దబదబా కురిసింది. అలవాటు కొద్దీ నేనొక తప్పేళా పట్టుకుని పరుగెత్తాను. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాను, ఒక్క చుక్క పడితే కదా. "బోర్లించి దాని మీద కూచో," అంది అవ్వ.

వారం తిరక్కముందే మండీ వ్యాపారి తాంబూలం పట్టుకుని వచ్చాడు. కప్పు మారినా బేరం బేరమే కదా అన్నాడు. నాయన మర్యాదగా కాఫీ ఇప్పించి, "మా చెల్లెలు కాపురముండే ఇల్లప్పా అది, ఎట్ల అమ్మేది?" అన్నాడు. లోపల అవ్వ కాఫీ గ్లాసు కిందపెట్టి కళ్ళు తుడుచుకుంది. వానలు వెనకబట్టాక సరోజకు మా ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. అవ్వ పేరే పెట్టారు, లక్ష్మి అని.

తరవాత వఠారంలో ఎంతమంది చేరారో, ఎంతమంది వెళ్ళారో. అవ్వ పోయింది, నాయన పోయాడు. వీధి వెడల్పు చేసినప్పుడు వఠారం పోయి మేడ వచ్చింది. ఇప్పుడు అగ్రిమెంటు రాసుకుంటాం, బాడుగ ఫోనులో వచ్చి పడుతుంది, పైన ఎవరున్నారో కిందవాళ్ళకు తెలియదు. నేను పాతకాలమే బంగారమని చెప్పేదాన్ని కాదు. కారే మిద్దె కారే మిద్దే, కాంక్రీటు కప్పు కింద హాయిగా నిద్రపడుతుంది. కానీ అప్పుడు ఇల్లు కారితే పిల్లలు గిన్నెకోసం మా ఇంటికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు, ఇప్పుడు ఫోటో వస్తుంది. ఆ తేడా నాకు కష్టంగానే ఉంటుంది.

ఒరిస్సా పిల్ల వెళ్ళాక బాగేపల్లిలో ఉన్న లక్ష్మికి ఫోను చేశాను. ఇప్పటికీ ఏడాదికోసారి పుట్టిల్లని నా దగ్గరికి వచ్చి, నా వంటకు వంకలు పెట్టి, పోట్లాడి చీర తీసుకుని వెళుతుంది. సంగతంతా చెప్పి, పని వాయిదా వేద్దామంటే కింద బ్యాంకు ఆయన మచ్చ గొడవ, ఏం చేయమంటావే అని అడిగాను. లక్ష్మి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మనింట్లో జాగా లేదా వదినా?" అంది.

ఆ మాట దానికెవరూ నేర్పలేదు. అవ్వ అన్న రోజుకు అది ఇంకా తల్లి కడుపులో ఉంది. పొద్దున్నే బస్సుకు రమ్మన్నాను.

ఆదివారం లక్ష్మి కొత్త చేట పట్టుకుని దిగింది. ఇద్దరం పై అంతస్తు ఎక్కేసరికి నా మోకాళ్ళు అవ్వను తిట్టాయి. తలుపు తీసిన పిల్లకు, పని అయ్యేదాకా మా ఇంట్లో ఉందువుగాని, పిలుచుకుపోవడానికి వచ్చాం అని చెప్పాను. చేటను చూసి ఆమెకు సగమే అర్థమైంది. ఆ సగానికే కళ్ళు నీళ్ళతో నిండాయి. చెంగు పట్టమ్మా అంది లక్ష్మి. ఆ పిల్లకు చెంగు యాడుండాది? వేసుకున్న టీషర్టు అంచునే రెండు చేతులా పట్టి చాచింది. లక్ష్మి ఒడి నింపింది. ఆ పిల్ల మొగుడు కంప్యూటరు చంకన పెట్టుకుని మా వెనకే మెట్లు దిగి, వీధి దాటి వచ్చి, మా ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. నేను నాయన పేము కుర్చీ జరిపి, కూచోప్పా అన్నాను.